రాక్షసబల్లి తొలిచూపు

నంద్యాల వెళ్తున్నానని చెప్పగానే కాకినాడలో మా వీధివాళ్లంతా అడిగింది ఒకటే: "మహానందికా?" కాదు, ఎముకలకి అన్నాను. ఎవరి అస్థికలో కలపడానికి వెళ్తున్నాననుకుని పక్కింటావిడ మొహం జాలిగా పెట్టి, దారిలో తినమని నాలుగు కాజాలు పొట్లం కట్టి ఇచ్చింది. నిజం చెబితే కాజాలు వెనక్కి తీసుకుంటుందేమోనని ఊరుకున్నాను.

నిజం ఏమిటంటే, ముప్ఫై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. అంతరించిపోయిన జంతువుల పాఠం ఏటా చెప్పేదాన్ని. బోర్డు మీద రాక్షసబల్లి బొమ్మ వెనక్కి తిరిగి పిల్లల్ని కోప్పడుతూ కూడా వేయగలిగేదాన్ని. అంత చెప్పానే గానీ ఒక్క శిలాజాన్నైనా చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. బేతంచెర్ల దగ్గర బిలస్వర్గం గుహల్లో తెల్లదొరల కాలంలోనే ఖడ్గమృగాల ఎముకలు, ఇంకా ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించని జంతువుల ఎముకలు తవ్వితీశారని ఎప్పుడో చదివాను. రిటైరయ్యాక అది మనసులో ముల్లులా ఉండిపోయింది. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే చూసి రావాలని ఒంటరిగా బయల్దేరాను.

నంద్యాల: బొరుగుల ఉపాహారం

నల్లమల దాటి రైలు దిగేసరికి తెల్లవారింది. లాడ్జిలో సంచి పడేసి టిఫినుకు వచ్చాను. మా వైపు మరమరాలంటే సాయంత్రం పూట పిల్లలు పిడికిళ్లతో నమిలేవి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి, నీరంతా పిండేసి, ఉల్లిపాయల పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి పొద్దున్నే వేడివేడిగా పెడతారు. దాని పేరు ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. రెండూ కలిపి నలభై రూపాయలు. మా బజ్జీ మిరపకాయకు గింజ తీసి వాము పెడతాం కదా, ఆ ధైర్యంతో సగం కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగి, ముక్కు కారి, నీళ్ల గ్లాసు కోసం గాల్లో చేతులాడించాను.

హోటలాయన నింపాదిగా చెంబు తెచ్చి పెట్టాడు. "ఏందమ్మా, మీ తట్టు మిరపకాయలు కాయవా?"

బయట ఆటో ఆపుకుని ఉన్న మనిషి ఈ తమాషా అంతా చూసి నవ్వుతున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి, తెల్ల టోపీ, గళ్ల చొక్కా. పేరు మస్తాన్. బిలస్వర్గం వస్తావా అని అడిగాను.

"యాత్రకా మేడం?"

"ఎముకలు చూడ్డానికి. పాతకాలపు జంతువులవి. రాక్షసబల్లుల్లాగా ఇప్పుడు లేకుండాపోయినవి."

"రాక్షసబల్లా!" ఆటో స్టార్టు చేస్తూ అన్నాడు. "మా పక్కింటోళ్లు భుజమ్మీద బల్లి పడితే పంచాంగం తీస్తారు. ఇది పడితే పంచాంగం తీసేదానికి గూడా మనిషి మిగలడు గదా మేడం."

గుహల్లో దొరికినవి రాక్షసబల్లులు కావని, అవి అంతకంటే కోట్ల ఏళ్ల ముందే పోయాయని, ఇవి చాలా తర్వాతి జంతువులని పాణ్యం దాటేదాకా అతనికి పాఠం చెప్పాను. పాపం, మధ్యలో ఒక్కసారి కూడా ఆవలించలేదు. నా విద్యార్థుల్లో అలాంటివాళ్లు తక్కువ.

బిలస్వర్గం: నా మొదటి ఎముక

బేతంచెర్ల దగ్గర పడుతున్నకొద్దీ చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిదుమ్ము. రోడ్డుకు అటూ ఇటూ నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీలు. మా ఇంట్లో వంటగది గచ్చు కూడా బేతంచెర్ల రాయే. ఇన్నేళ్లుగా పుట్టింటి మట్టిని తొక్కినట్టు దాని మీద నడుస్తూ, అది ఎక్కణ్ణించి వచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు.

గుహలంటే చీకటిగా ఉంటాయనుకున్నాను. బిలస్వర్గంలో చాలాచోట్ల పైకప్పు ఎప్పుడో కూలిపోయి ఆకాశం కనబడుతుంది. రెండువైపులా ఎత్తైన సున్నపురాతి గోడలు, వాటి అడుగున నోళ్లు తెరుచుకున్న బిలాలు, గబ్బిలాల కంపు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిందికి దిగాను. మస్తాన్ ఒక చెయ్యి పట్టుకున్నాడు, మోకాళ్లు రెండో చెయ్యి అడిగాయి.

ఒక బిలం అంచున మట్టిలో తెల్లగా ఏదో కనిపించింది.  కూర్చుని వేళ్లతో మట్టి తొలిచాను. పలుచగా, మూడు మూలలుగా ఉన్న భుజపు ఎముక. 

"మస్తాన్! ఇదిగో! ఏ అడవి దున్నదో, జింకదో... ఎన్ని వేల ఏళ్ల కిందటిదో!"

అతను ఎముకను అటూ ఇటూ తిప్పి చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ ఎముకను చూశాడు. చెప్పాలా వద్దా అని సతమతమయ్యాడు.

"మేడం, ఇది పొట్టేలు జబ్బ."

"నీకెలా తెలుసు?"

"పదేండ్లు మా మామ మటన్ అంగట్లో కొట్టినా గదా. ఈ గాటు చూడండి, కత్తి గాటు. ఎవరో ఈడ వండుకొని తినిండారు. పోయిన నెలదో, ఆ ముందరదో."

నవ్వడానికి నాకు కాస్త సమయం పట్టింది. నవ్వాక మాత్రం ఇద్దరం గుహ మారుమోగేలా నవ్వాం. అసలు ఎముకలు ఏనాడో ఇక్కణ్ణించి పెట్టెలకెక్కి వెళ్లిపోయాయి. అది నాకు తెలుసు. అయినా నాకోసం ఒకటి మిగిలి ఉంటుందని అంత దూరం వెళ్లాను.

మధ్యాహ్నం బేతంచెర్లలో జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ తిన్నాను. మనం వేరుశనగ అనేదాన్ని వీళ్లు చెనిక్కాయ అంటారు, అది లేకుండా ఏదీ వండరు. మస్తాన్ కోడికూర తెప్పించుకున్నాడు. నా పరువు కాస్తయినా నిలబెట్టుకోవాలనిపించింది.

"నువ్వు తింటున్నది ఎవరినో తెలుసా? రెండుకాళ్ల రాక్షసబల్లుల వంశంలో ఇప్పటికి మిగిలింది పక్షులే. కోడి వాటి రక్తసంబంధం."

మస్తాన్ చేతిలో ముక్క ఆగిపోయింది. "నిజంగానా?"

"ఒట్టు."

"అయితే ఆదివారం వస్తే మేము రాక్షసబల్లి పలావు తింటాండామన్నమాట!" అని పెద్దగా నవ్వి ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "మేడం, ఎముకలు దొరకల్యాదని బాధపడొద్దండి. ఆళ్లగడ్డలో రాక్షసబల్లినే చెక్కుతాండారు, రాతిలో. నంద్యాలలో ఏదో బడి గేటు కాడ పెట్టేదానికంట. ఎల్లుండి లారీ తోలుకపొయ్యేది మా బావమరిదే."

ఆళ్లగడ్డ: చెవులు

మర్నాడు పొద్దున ఆళ్లగడ్డ వెళ్లాం. ఊరి మొదట్లోనే రోడ్డు పక్కన దేవుళ్లు నిలబడి ఉంటారు. సగం తయారైన వినాయకుళ్లు, మొహం ఇంకా రాని అమ్మవార్లు, తాడు కట్టి పడుకోబెట్టిన నందులు. కోత మిషన్ల రొద, దాని మధ్యలో ఉలి మీద సుత్తె పడే చిన్న చప్పుడు. మా ఊళ్లో దేవుణ్ణి గర్భగుడి చీకట్లో చూడ్డమే గానీ, ఇలా ఎండలో దుమ్ము కొట్టుకుని ఉండగా చూడలేదు. చెప్పులు విప్పాలో వద్దో తెలియక విప్పి చేతిలో పట్టుకున్నాను.

మస్తాన్ చెప్పిన శిల్పి నాగలింగాచారి గారి షెడ్డు చివర్లో ఉంది. డెబ్భై దాటిన మనిషి, పలచటి తెల్ల గడ్డం. ఆయన కూతురు ఈశ్వరికి ముప్ఫై అయిదేళ్లుంటాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని పనిచేస్తోంది. వాళ్లిద్దరి మధ్య, నాకంటే ఎత్తుగా, నల్లరాతిలో అది నిలబడి ఉంది.

నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది. బలమైన వెనక కాళ్లు, చిన్న చేతులు, తోక కిందికి వాలి పీఠంలో కలిసిపోయింది. రాయి రెండు కాళ్ల మీద నిలవదు కాబట్టి తోకను మూడో కాలు చేసిందట ఈశ్వరి. ఇంత బరువున్న రాయి ఇప్పుడే అడుగు తీసి అడుగు వేస్తుందన్నట్టు ఉంది. ముప్ఫై ఏళ్ల నా సుద్దముక్క బొమ్మలన్నీ ఆ క్షణంలో చెరిగిపోయాయి.

అప్పుడే కనబడ్డాయి, తలకు రెండువైపులా నిక్కబొడుచుకున్న చెవులు.

"వీటికి చెవులెందుకు పెట్టారండీ?" అన్నాను. నా గొంతులో క్లాసు రూము వినబడింది.

"చెవుల్లేకుంటే ఎట్ల వింటాదమ్మా?" అన్నారు నాగలింగాచారి.

"వింటుంది. చిల్లు మాత్రం ఉంటుంది. బల్లికి బయటికి చెవులున్నాయా? కోడికున్నాయా?"

ఆయన పక్కనున్న పటం తీసి మళ్లీ చూశారు. "బడోళ్లు ఇచ్చిన పటంలో గూడా లేవు. గీసినోడు మర్చిపోయినాడనుకుంటి," అన్నారు చివరికి. "మా నాయన నందికి పెట్టె, సింహానికి పెట్టె, గుడి స్తంభాల మీది యాళికి పెట్టె. చెవుల్లేని మృగాన్ని ఈ షెడ్డులో ఎవరూ చెక్కల్యా."

బొమ్మలో చెవుల్లేకపోతే గీసినవాడి మతిమరుపు అనుకుని, ఆ పొరపాటు దిద్దిపెట్టిన మనిషి ఆయన. నేను అంత కటువుగా అనకుండా ఉండాల్సింది. సిగ్గేసింది.

ఈశ్వరి మాత్రం నవ్వేసింది. "నేను జెప్తానే ఉంటి నాయనా." ఉలి తీసుకుని పైకెక్కింది. మేం చూస్తుండగానే రెండు చెవులూ పెచ్చులు పెచ్చులుగా రాలిపోయాయి. "రాతిలో తీసేది బేగా అయితాది మేడం. పెట్టేదే కుదరదు."

దిగి వచ్చి, ఇంత తెలిసిన మనిషి మళ్లీ దొరకదన్నట్టు నన్ను అడిగింది: "మరి కన్ను ఎట్లుంటాది? నల్లగుడ్డు గుండ్రంగానా, పిల్లికి ఉన్నట్ల నిలువుగానా?"

కంటి చోట నున్నటి ఉబ్బు మాత్రమే ఉంది. నాకు జవాబు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. "రేపు చెప్తాను," అన్నాను.

సగం గ్లాసు

ఈశ్వరి టీ తెచ్చింది. నాకు, మస్తాన్‌కు నిండు గ్లాసులు. తండ్రికి సగం గ్లాసు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. అయినా గ్లాసు పళ్లకు తగిలి టకటక చప్పుడైంది. నేను చూపు తిప్పుకున్నాను.

షెడ్డు వెనక గోడకు నాలుగు విగ్రహాలు ఆనించి ఉన్నాయి. నాలుగింటికీ మొహాల మీద గుడ్డలు కట్టి ఉన్నాయి. అవేమిటని అడిగాను.

"కన్ను తెరవాల్సినవి," అన్నారాయన. "ఒళ్లంతా ఎవరన్నా చెక్కొచ్చు. నల్లగుడ్డు గీత మాత్రం ఆఖర్న పెద్దోడు గీస్తాడు. తెరిచినాక తొలిచూపు ఊరికే పోగూడదు. ముందర అద్దం పెడ్తాం, ఆవును నిలబెడ్తాం. వీటికింకా మంచిరోజు కుదరల్యా."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే ఈశ్వరి గొంతు తగ్గించింది.

"సంవత్సరమాయె మేడం, నాయన ఒక్క కన్ను తెరవక. చెయ్యి అదురుతాది. మంచిరోజు కుదరల్యాదని అందరికీ అదే చెప్తాడు. కన్ను తెరిచేటోళ్లు లేని షెడ్డుకు ఎవురిస్తారు పని? మూసుకోవాల్సిందే."

"నువ్వు తెరవకూడదా?"

"ఆడదాని చెయ్యి పడగూడదంట. సరే, దేవుడి మాట ఇడ్సిపెట్టు. ఇది దేవుడు గాదు గదా, దీనికన్నా నేను తెరుస్తానంటే, 'ఈ షెడ్డులో కన్ను తెరిచేది నేనే' అన్నాడు. రేపు పదకొండుకు లారీ వస్తాది. ఆయన చెయ్యి జారిందంటే ఆర్నెల్ల పని పాయె. జారి పాడయితే..." కాస్త ఆగి, "రాయి పొయ్యిందని గాదు మేడం. అందరి ముందర ఆయన చెయ్యి జారితే నాయన ఇంగ ఉలి ముట్టడు. నాయన గూడా మిగలడు," అంది.

 ఆమె కళ్లు తుడుచుకుంటే రాతిదుమ్ము చెంపల మీద చారలు కట్టింది.

సాయంత్రం నంద్యాల లాడ్జిలో మంచం మీద కూర్చుని ఫోనులో వెతికాను. పాత శిష్యురాలు ఒకామె పరిశోధన చేస్తోంది, ఆమెకూ ఫోను చేశాను. కంటి గుంట మిగులుతుంది, కొన్నింటికి కంటి చుట్టూ ఉండే ఎముక ఉంగరం కూడా మిగులుతుంది, లోపలి కన్ను మాత్రం మిగలదు మేడమ్ అంది. నేనే ఆమెకు చెప్పిన పాఠం అది. ఆమె వివరంగా నాకు తిరిగి చెబుతుంటే ఊఁ కొడుతూ విన్నాను.

తొలిచూపు

మూడో రోజు మేం వెళ్లేసరికి తొమ్మిదిన్నర. నాగలింగాచారి స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, రాతిబొమ్మ ముందు వేసిన చెక్కపలక మీద నిలబడి ఉన్నారు. చేతిలో సన్నటి ఉలి. కూతురు కింద నిలబడి పలక పట్టుకుంది. ఆమె పెదవులు బిగబట్టి ఉన్నాయి. ఉలి కొన రాయికి ఆనకముందే అదురుతోంది.

"ఆ... చెప్పమ్మా," అన్నారు నన్ను చూసి. "గుండ్రమా, నిలువా?"

ఏదో ఒకటి చెప్పేస్తే పోయేది. మొన్నటి పొట్టేలు ఎముక గుర్తొచ్చింది.

"నాకు తెలీదండీ. నిన్న తెలీదనడానికి మొహం చెల్లక రేపన్నాను. ఎవరికీ తెలీదు. ఎముకలు మిగిలాయి గానీ కన్ను మిగల్లేదు."

"ఇంత సదివినోళ్లకు గూడా?"

"దాన్ని చూసిన మనిషి ఎవరూ లేరండీ. మనుషులు పుట్టకముందే పోయింది."

ఆయన ఉలి దించారు. రాతి మొహం వంక చూస్తూ నిలబడ్డారు.  పక్క షెడ్డులో మిషను ఆగింది, మళ్లీ మొదలైంది.

"దేవుణ్ణి గూడా చూసినోడు లేడమ్మా," అన్నారు మెల్లగా. "అయినా కన్ను ఎంతుండల్ల, గీత యాడికి రావల్ల, ఎవురు గీయల్ల, అంతా శాస్త్రం చెప్తాది. దీనికి శాస్త్రమే ల్యా." చేతిలోని ఉలి వైపు చూశారు. "అయితే నా చెయ్యే పడల్లని యాడా రాసిల్లేదు."

పలక మీద నుంచి దిగారు. ఉలిని కొంగులో పెట్టినట్టు కూతురి అరచేతిలో పెట్టారు.

"నువ్వు తెరువు."

 ఈశ్వరి ఉలిని చూసింది, తండ్రిని చూసింది. ఆయన అప్పటికే పక్కకు తిరిగి పెద్దరికం తెచ్చుకుని కేకలు మొదలుపెట్టారు. "నిలబడి చూస్తాండావేంది? లారీ వస్తాది! తొలిచూపుకు ముందర ఏం పెట్టల్ల? అద్దమా? ఆవా? దీనికి ఆవు ఏం సంబంధం?"

 మస్తాన్ అరిచాడు. "కోడి! మేడం, మీరే గదా చెప్పింది, రక్తసంబంధమని!"

మారు మాట లేకుండా ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. పావుగంటలో చంకలో ఎర్ర నాటుకోడితో వచ్చాడు. దాన్ని ఎవరింట్లోంచి తెచ్చాడో ఇప్పటికీ చెప్పలేదు. కొయ్యకుండా తిరిగిస్తానని మాటిచ్చి తెచ్చానని మాత్రం అన్నాడు.

"ఇట్ల తే," అన్నారు నాగలింగాచారి. "ముందర పట్టుకునేది పెద్దోడే."

మస్తాన్ ఆగి నా వైపు చూశాడు. ఇచ్చెయ్యమన్నట్టు తలూపాను. ఆయన కోడిని రెండు చేతులతో పట్టుకుని, రాతి మొహానికి ఎదురుగా ఎత్తి నిలబడ్డారు. ఈశ్వరి పలకెక్కింది. ఉలి ఆనించే ముందు వెనక్కి తిరిగి కోడి కన్ను వైపు చూసింది. చాలా శ్రద్ధగా, కొలత తీసుకున్నట్టు చూసింది. కోడి ఒక పక్కకు తల వంచి ఆమెను చూసింది. గుండ్రటి, నల్లటి కన్ను.

"గుండ్రం," అంది ఈశ్వరి, తనలో తాను అనుకున్నట్టు.

ఒక కన్ను, తర్వాత రెండోది. సుత్తె దెబ్బలు ఎన్ని పడ్డాయో నేను లెక్కపెట్టలేదు. కోడి రెక్కలు టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఆయన చేతులు ముంజేతుల దాకా అదురుతున్నాయి. చూస్తున్న మాకెవరికీ అదిరేది కోడో ఆయన చేతులో తెలియలేదు. ఈ ఏడాదిలో మొదటిసారి ఆయన చేతులు దాచుకోలేదు.

ఈశ్వరి పక్కకు తప్పుకుంది. నల్లరాయి మా అందరినీ దాటి కోడిని చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"బాగొచ్చింది," అన్నారు నాగలింగాచారి. అంతే అన్నారు. కోడిని మస్తాన్‌కు ఇచ్చి పీట మీద కూర్చున్నారు. లారీ హారన్ దూరంగా వినబడింది. ఈశ్వరి దిగి వచ్చి టీ పోయడం మొదలుపెట్టింది.  అలవాటుగా తండ్రి గ్లాసు సగంలో ఆపింది.

"నిండుగా పొయ్యి," అన్నారాయన.

పోసింది. ఆయన ఒంటిచేత్తో తీసుకున్నారు. టీ ఒలికి ముంజేతి మీదుగా కారి పంచె మీద పడింది. తుడుచుకోలేదు. గుక్కెడు తాగి, గోడకు ఆనించిన నాలుగు విగ్రహాల వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"లారీ పోయినాక ఆ మూతిగుడ్డలు ఇప్పుమ్మా ఈశ్వరీ. మంచిరోజు నేను చూస్తా. అద్దం గూడా నేనే పట్టుకుంటా."